లాఘవము: రెండు తేలికబండ్ల కథ

సంస్కృతమున లాఘవమను మాటకు రెండర్థములు కలవు. బరువు లేకుండుట యొకటి, నేర్పు రెండవది. హస్తలాఘవమన్నప్పుడు చేతి బరువు తగ్గినదని యెవరును అనుకొనరు. ఆ చేయి తన పనిలో ఆరితేరినదని గ్రహింతురు. సూత్రమున అరమాత్ర తగ్గింపగలిగినచో వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడుదురని పండితులలో నొక వాడుక కలదు. అక్షరము తగ్గియు అర్థము చెడకుండుటయే వారి సంబరమునకు కారణము. అర్థము చెడినచో దానిని లాఘవమనరు, లోపమందురు.

ఈ భేదమును ఇనుముతోను చక్రములతోను నేర్చుకొన్న రెండు దేశముల కథ చెప్పదలచినాను. ఇంగ్లండున 1962లో వెలువడిన లోటస్ ఎలాన్ యొకటి. జపానున తయారై 1989లో లోకమునకు చూపబడిన మాజ్డా ఎం.ఎక్స్.-5 మరియొకటి. రెండును ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన చిన్న మోటారుబండ్లు. పైకప్పు తీసివేయవచ్చును. సరకు మోయుటకు గాని, సంసారమును ఎక్కించుకొనుటకు గాని పనికిరావు. వంకర దారులలో చురుకుగా నడచుటయే వాటి ప్రయోజనము. ఇట్టి విలాసవస్తువులతో మనకేమి పనియని చదువరులు అడుగవచ్చును. పని కలదు. హైదరాబాదునుండి పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేటల మీదుగా జహీరాబాదు పోవు రాజమార్గము ప్రక్కన, ఇంచుమించు నలువది యేండ్ల క్రిందట, మనమును ఇట్టి పరీక్షకే కూర్చుంటిమి. ఒక దేశపు తేలికబండిని మరియొక దేశము తనదిగా చేసికొనుట ఎట్లు అనునదే ఆ పరీక్షలోని ప్రశ్న. దానిని జపానువా రెట్లు వ్రాసిరో, మన మెట్లు వ్రాసితిమో పోల్చి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఎలాన్ బండిని తలపెట్టిన కోలిన్ చాప్మన్ లండను యూనివర్సిటీ కాలేజీలో కట్టడముల నిర్మాణశాస్త్రము చదివినవాడు. 1948లో ఆస్టిన్ సెవెన్ అను పాతబండిని విప్పి, తన యిచ్చ వచ్చినట్లు మార్చి, మొదటి బండి కట్టెను. 1952లో లోటస్ సంస్థను స్థాపించెను. వంతెనలు కట్టువారికి ఒక అభ్యాసము కలదు: ప్రతి యినుపముక్కను నీవు మోయు బరువేమని అడుగుదురు. చాప్మన్ ఆ ప్రశ్ననే మోటారుబండికి వేసెను. ఏ పనియు చేయని ముక్కను తీసివేసెను. ఒక పని చేయుదానిచేత రెండు పనులు చేయించెను.

పాత మోటారుబండ్లకు అడుగున నిచ్చెనవంటి చట్రముండెడిది. పొడుగుపాటి రెండు దూలములు, వాని నడుమ అడ్డుకమ్మీలు. మన యెడ్లబండి చట్రమునకు అది ఇనుప రూపము. ఎలాన్ బండిలో ఆ నిచ్చెన లేదు. పలుచని ఉక్కురేకును పెట్టెవలె మడచి నడిమి భాగమున వెన్నెముకగా నిలిపినారు. ఆ వెన్నెముక రెండు కొనలును పంగలుగా చీలియుండును. ముందు పంగలో ఇంజను, వెనుక పంగలో ఇరుసు పరికరములు అమరును. దానిపై ఫైబరుగ్లాసుతో పోసిన తొడుగు. ఈ బండి రూపకల్పనలో ముఖ్యుడు రాన్ హిక్మన్. ఫోర్డు వారి ఇంజను దిమ్మెపై లోటస్ వారు రెండు కామ్ దండములుగల తలభాగమును కట్టి 1558 ఘన సెంటీమీటర్ల ఇంజనును సిద్ధము చేసిరి. దాని బలము సుమారు 105 అశ్వశక్తి. బండి మొత్తము బరువు సుమారు 680 కిలోలు.

ఈ లెక్క యొక్క విశేషము తెలియుటకు మన యిండ్లలో అందరెరిగిన అంబాసిడరును ప్రక్కన నిలుపుదము. దాని ఇంజనును 1489 ఘన సెంటీమీటర్లది. పరిమాణమున ఇంచుమించు సమానమే. కాని బలము 50 అశ్వశక్తికి అటునిటు, బరువు ఇంచుమించు 1,100 కిలోలు. అంబాసిడరులో ఒక్కొక్క గుఱ్ఱము 22 కిలోలు లాగవలసి యుండగా, ఎలాన్ బండిలో ఆరున్నర కిలోలు లాగిన చాలును. ఇంతటితో ఆగదు. బండి తేలికయైనచో దానిని ఆపు బ్రేకు చిన్నదైనను చాలును. చక్రము సన్ననిదైనను సరిపోవును. స్ప్రింగు మెత్తగా నుండవచ్చును. పెట్రోలు తక్కువ పట్టును గనుక తొట్టియు చిన్నదగును. ఇంటికి పెద్ద దూలము వేసినవాడు పెద్ద స్తంభములు నిలుపవలెను, వానికై లోతైన పునాది త్రవ్వవలెను. బరువు బరువును పిలుచునట్లే తేలిక తేలికను పిలుచును. చాప్మన్ గ్రహించిన రహస్య మిదియే.

అయినను ఈ లాఘవమున లోపములు లేకపోలేదు. ఆ పలుచని ఉక్కు వెన్నెముక వానకు తుప్పు పట్టెడిది. యజమాని తానే సగము మెకానిక్కు కానిదే బండి నడవని రోజులుండెడివి. పైగా ఎలాన్ బండ్లు పెక్కు విడిభాగములుగనే అమ్మబడినవి. పూర్తిగా కట్టిన బండిపై ప్రభుత్వము కొనుగోలు పన్ను వేసెడిది. విడిభాగములపై ఆ పన్ను లేదు. కాబట్టి కొనువాడు పెట్టెలు ఇంటికి తెచ్చుకొని, కొట్టములో మరలు బిగించుకొని, పన్ను మిగుల్చుకొనెడివాడు. 1973లో పన్నుల విధానము మారి ఆ సౌకర్యము పోయినది. మరలు బిగించినంతనే ఆ యజమానులు బండిని నిర్మింపగల శాస్త్రజ్ఞులైరని ఇంగ్లండులో ఎవరును భ్రమపడలేదు. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు పని పడును.

చాప్మన్ పందెపుబండ్లలో తేలికను మరింత దూరము లాగెను. 1970 సెప్టెంబరు 5వ తేదీన ఇటలీలోని మోంజా పందెపు బాటపై లోటస్ బండి నడుపుచు యోఖెన్ రింట్ అను వీరుడు మరణించెను. ఆ సంవత్సరపు ప్రపంచ విజేత బిరుదము అతనికి మరణానంతరము దక్కినది. ముందుచక్రపు బ్రేకునకు చెందిన దండము విరిగి బండి అదుపు తప్పినదనియు, బాట ప్రక్క రక్షణకమ్మీలు సరిగా నమర్పబడకపోవుట ప్రాణము తీసినదనియు తేలినది. అరమాత్ర తగ్గించి అర్థము చెడగొట్టుట యనగా ఇదియే. ఏ బరువు వదలవచ్చునో, ఏ బరువు వదలరాదో తెలియుట లాఘవవిద్యలో రెండవ పాఠము. ఆ పాఠమును జపానువారు చక్కగా వ్రాసిరి.

మాజ్డా సంస్థ 1920లో హిరోషిమా నగరమున బెండు తయారుచేయు కంపెనీగా పుట్టినది. 1931లో మూడుచక్రముల సరకుబండ్లు చేయనారంభించెను. 1945 ఆగస్టు 6వ తేదీన ఆ నగరముపై అణుబాంబు పడినప్పుడు నడుమనొక చిన్న గుట్ట అడ్డముండుటచే కర్మాగారము పూర్తిగా నాశనము కాలేదు. ఆ యేడాది డిసెంబరు నాటికే మరల మూడుచక్రముల బండ్లు వెలువడసాగెను. బూడిదలోనుండి లేచిన జనము మొట్టమొదట చేసికొన్నది విలాసపుబండి కాదు. కూరగాయలను, కలపను మోయు బండి. ఎం.ఎక్స్.-5 వరకు వారు చేరుటకు నలువది నాలుగేండ్లు పట్టినది.

1970ల చివర ఇంగ్లండులో చిన్న తేలికబండ్ల పరిశ్రమ క్షీణించెను. అట్టి బండ్లను మీరేల చేయరాదని బాబ్ హాల్ అను అమెరికా పత్రికారచయిత 1979లో మాజ్డా పరిశోధనాధిపతి కెనిచి యమమోటోతో ప్రస్తావించెను. ఆ మాట పదియేండ్లకు ఫలించినది. తొషిహికో హిరాయ్ అను ఇంజనీరు ఆ పనికి నాయకత్వము వహించెను. వారు ఇంగ్లండు పాతబండ్లను శ్రద్ధతో పరిశీలించిరి. వానిలో ఎలాన్ ముఖ్యమైనది.

ఇచ్చట మన భారతమునందలి నలోపాఖ్యానము జ్ఞప్తికి రాకమానదు. బాహుకుడను పేరుతో నలుడు ఋతుపర్ణుని రథము తోలుచుండగా, దారిలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఋతుపర్ణుడు చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. తొందర ప్రయాణమైనను రథము నాపి, చెట్టును కూల్చి, లెక్కించి చూచెను. లెక్క సరిపోయినది. అప్పుడు తన అశ్వహృదయమునకు మారుగా అతని అక్షహృదయమును గైకొనెను. నలుడు పుచ్చుకొన్నది పాచికలను కాదు, పాచికల హృదయమును. పాచికలు మాత్రమే పుచ్చుకొనియుండినచో మరల నోడిపోయియుండెడివాడు.

జపానువారు ఎలాన్ హృదయమును గైకొనిరి. ముందు ఇంజను, వెనుకచక్రములకు బలము, ఇద్దరికి చోటు, తెరచుకొను పైకప్పు, తోలువాని చేతికి వెంటనే లొంగు గుణము: ఇంతవరకు ఇంగ్లీషువారిది. తక్కినదంతయు తమదే. ఫైబరుగ్లాసు తొడుగును వదలి, ఎక్కువ సంఖ్యలో అచ్చు గ్రుద్దదగిన ఉక్కుదేహమునే పెట్టిరి. ఇంజను మూతను మాత్రము అల్యూమినియముతో చేసిరి. గేరుపెట్టెకును వెనుక ఇరుసునకును నడుమ పొడుగుపాటి అల్యూమినియపు దండమును బిగించి, తోలువాడు కాలు నొక్కినంతనే బలము సడలకుండ చక్రమునకు చేరునట్లు చేసిరి. ఎలాన్ వెన్నెముకకు ఈ దండము దూరపు బంధువు. ఇంజను 1597 ఘన సెంటీమీటర్లు, సుమారు 115 అశ్వశక్తి. మొత్తము బరువు 950 కిలోలకు అటునిటు.

ఎలాన్ కంటె ఇది ఇంచుమించు 270 కిలోలు ఎక్కువ గదా, మరి శిష్యుడు గురువునకు తీసికట్టా యని అడుగవచ్చును. ఆ 270 కిలోలలో ఏమున్నవో చూడవలెను. ఢీకొన్నప్పుడు మనుష్యుని కాపాడు ఉక్కు ఉన్నది. నానా దేశముల భద్రతాశాసనముల కోరిక లున్నవి. వాన కురిసినను లోపలికి చినుకు రాని పైకప్పు ఉన్నది. ఉదయమున తాళము త్రిప్పినంతనే కదలు నమ్మక మున్నది. చాప్మన్ వదలరాని చోట వదలిన బరువును వీరు మరల నెక్కించిరి. వదలదగిన చోట గ్రాముల లెక్కన తగ్గించిరి. రౌతును గుఱ్ఱమును ఒక్క శరీరమగుటను జపాను భాషలో జింబా ఇత్తాయ్ అందురు. ఆ మాటను వారు ఈ బండికి ఆదర్శముగా పెట్టుకొనిరి. మన నలుని అశ్వహృదయమునకు అది యించుమించు పర్యాయపదము. 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనమున చూపబడిన ఆ బండి, వెనుక వచ్చిన రూపములతో కలిపి, 2016 ఏప్రిల్ నాటికి 10 లక్షల సంఖ్యను చేరెను. ఇద్దరు కూర్చుండు పందెపుతీరు బండ్లలో అంత సంఖ్య మరి దేనికిని లేదు.

అదే 1989లో మరియొక విచిత్రము జరిగెను. చాప్మన్ 1982లోనే మరణించియుండెను. లోటస్ సంస్థ 1986లో అమెరికా జనరల్ మోటార్స్ వశమయ్యెను. వారు ఎలాన్ పేరుతోనే క్రొత్తబండిని వెలువరించిరి. దాని ఇంజను జపాను ఇసుజు వారిది. బలము పోవునది ముందుచక్రములకు. బండి చెడ్డది కాదు, కాని ఖరీదెక్కువ. 1992లో ఆపివేసిరి, తర్వాత కొద్ది బండ్లు మాత్రము కట్టిరి. తుదకు దాని నమూనా కొరియాలోని కియా సంస్థకు అమ్ముడుపోయెను. గురువు ఇల్లు విద్యను శిష్యునికిచ్చి తాను పేరు మాత్రము మిగుల్చుకొన్నది. విద్య యే యింటను స్థిరాస్తి కాదు. అభ్యసించువారి యింట నుండును.

ఇక మన పరీక్షకు వత్తము. నైజాము కాలమున 1942లో హైదరాబాదులో అల్విన్ లోహపు కర్మాగారము నెలకొన్నది. బస్సులకు దేహములు కట్టుటలో దానికి మంచి పేరుండెను. తర్వాత రిఫ్రిజిరేటర్లు, గడియారములు, స్కూటర్లు చేసెను. 1980ల నాటికి అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు సంస్థ. ఆ కాలమున మెదకు జిల్లా పడమటి భాగమంతయు కర్మాగారముల నేల యగుచుండెను. రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము 1960లలోనే వచ్చినది. 1970లనుండి పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగెను. ఎద్దుమైలారమున 1984లో యుద్ధశకటముల కర్మాగారము ఆరంభమై సోవియట్ నమూనాపై సారథ్ శకటములను కట్టసాగెను. ఆ వరుసలో, హైదరాబాదునకు ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరమునగల జహీరాబాదులో, అల్విన్ వారును జపాను నిస్సాన్ వారును కలిసి అల్విన్ నిస్సాన్ అను సంస్థను స్థాపించి, కాబ్‌స్టార్ అను తేలిక లారీని కట్టనారంభించిరి. ఆ ప్రాంతము 2016 అక్టోబరు 11 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది.

ఈ తేలిక లారీ విలాసవస్తువు కాదు గాని, దాని పుట్టుకలోని సూత్రము ఎలాన్ సూత్రమే: తక్కువ ఇనుము, తక్కువ నూనె, ఎక్కువ పని. తోలువాడు ఇంజనుపైననే కూర్చుండును గనుక ముక్కు ఉండదు. ఉన్న పొడవంతయు సరకునకే. జపాను నగరముల యిరుకు వీథులకు అది తగిన బండి. ఆ రోజులలో మన దేశమున నలుగురు జపాను నిర్మాతలు నాలుగు చోట్ల ఇట్టి బండ్లతో దిగిరి. పంజాబున స్వరాజ్ మాజ్డా, ఉత్తరప్రదేశమున డి.సి.ఎం. టొయోటా, మధ్యప్రదేశమున ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాదున అల్విన్ నిస్సాన్. హిరోషిమా మాజ్డాయే పంజాబు పొలములకును వచ్చెనని గమనింపదగును. పాత బరువు లారీలు తప్ప వేరెరుగని మన వర్తకులకు ఇవి ముచ్చటగా కనబడినవి.

1986లో టాటావారు పుణెనుండి 407 అను తేలిక లారీని వెలువరించిరి. దాని పేరే దాని జాతకము: నాలుగు టన్నుల తరగతి, డెబ్బదికి దగ్గర అశ్వశక్తి. పనితనపు నునుపులో జపాను బండ్లకు అది సాటి కాదు. దానికొక పొట్టిముక్కు కలదు. చట్రము మోటుగా, కమాన్‌పట్టీలు బలముగా నుండును. కాని మన దారుల గుంతలను, కాగితముపై వ్రాసినదానికి రెండింతలు సరకు నెక్కించు మన వర్తకుని దురలవాటును ఎదుట పెట్టుకొని కట్టిన బండి యది. దాని మరలు, పట్టీలు అప్పటికే టాటా లారీలను విప్పి బిగించు మిస్త్రీల చేతులకు పరిచితమైనవి. సదాశివపేట రోడ్డుప్రక్క చెట్టుక్రింది షెడ్డులోనైనను బాగుచేయించుకొనవచ్చును. జపాను తూకమున బరువైనను, మన తూకమున అదియే తేలిక. ఏలనన, చెడిపోయి పదిరోజులు నిలిచిపోయిన బండి యెంత తేలికదైనను యజమాని గుండెపై బరువే.

ఇంతకంటె పెద్ద దెబ్బ సముద్రము మీదుగా వచ్చెను. జపాను బండ్ల ముఖ్యభాగములు పెట్టెలలో దిగుమతియై యిచ్చట బిగింపబడెడివి. 1985 సెప్టెంబరు 22న న్యూయార్కులోని ప్లాజా హోటలులో అయిదు ధనికరాజ్యములు చేసికొన్న ఒడంబడికచే యెన్ నాణెము విలువ పెరుగసాగెను. అప్పటివరకు 100 యెన్లకు ఇంచుమించు 5 రూపాయలిచ్చిన మనవారు 1988 నాటికి 11 రూపాయలకు దగ్గరగా ఇయ్యవలసివచ్చెను. జహీరాబాదు కార్మికుడు చేసిన తప్పు లేదు. కాబ్‌స్టార్ బండి మారినదియు లేదు. పెట్టెలోని సరకు వెల మాత్రము రెండింతలయ్యెను. భాగముల నిచ్చటనే చేసికొనగలిగినంత మేరకు ఆ దెబ్బ తప్పును. చేసికొనలేనంత మేరకు తగులును. ఎరువు సొమ్ము బరువు చేటన్న సామెత యిట్లు ఋజువైనది.

1980ల చివర అల్విన్ నిస్సాన్ బొంబాయి మహీంద్రావారి చేతికి పోయెను. 1990లలో డి.సి.ఎం. టొయోటాలో కొరియా దేవూ ప్రవేశించి బండి పేరే మార్చెను. స్వరాజ్, ఐషర్ సంస్థలు మాత్రము నిలద్రొక్కుకొని ముందునకు సాగినవి. తల్లిసంస్థయైన అల్విన్ కూడ 1990లలో ముక్కలై, రిఫ్రిజిరేటర్ల శాఖ వోల్టాస్ వారికి చేరెను. నేడు మియాపూరు వద్ద అల్విన్ చౌరస్తాయను పేరు జనుల నాలుకపై మిగిలియున్నది. దానిగుండ పోవు పిల్లలలో ఆ పేరు దేనిదో ఎరిగినవారు తక్కువ.

ఇంతవరకు చదివి, టాటావారు స్వదేశీయులు గనుక గెలిచిరి, జహీరాబాదువారు పరదేశీయుల నాశ్రయించి యోడిరి అని తీర్మానించుట సులభము. అది సత్యము కాదు. టాటావారును పరదేశవిద్యతోనే మొదలిడిరి. 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్ వారితో ఒడంబడిక చేసికొని, 15 ఏండ్లు వారి లారీలను కట్టిరి. 1969లో ఒడంబడిక తీరి బెంజ్ నక్షత్రము లారీల ముక్కుమీదినుండి తొలగునప్పటికి విద్య చేతికి వచ్చియుండెను. అటుపై మరి 17 ఏండ్లకు 407 పుట్టినది. జహీరాబాదును కొన్న మహీంద్రావారును 1947లో అమెరికా విల్లీస్ జీపుల భాగములను బిగించుటతోనే యారంభించి, కాలక్రమమున జీపును తమదిగా చేసికొన్నవారే. హిరోషిమాకు 44 ఏండ్లు, టాటాలకు 32 ఏండ్లు. జహీరాబాదులో అల్విన్ నిస్సాన్ పేరునకు దక్కిన కాలము అయిదారేండ్లకు మించదు. నలునికి రథము నాపి కాయలు లెక్కించు వ్యవధి యుండెను. మనకు ఆ వ్యవధి లేకపోయెను. ఉన్నంతలో లెక్కింపవలెనను పట్టుదలయు ప్రభుత్వమునకు లేకపోయెను. కర్మాగారమును తెచ్చినచో విద్యయు వెంట వచ్చునని ఆనాటి పెద్దలు తలచిరి. పెట్టెలు విప్పి మరలు బిగించిన ఇంగ్లండు యజమాని కథను ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను.

అయితే ఈ కొరతకు వ్యవధి యొక్కటియే కారణమా? నా మట్టుకు నాకు లోతైన కారణ మొకటి తోచుచున్నది. మన సంఘమున కమ్మరి, వడ్రంగి, కంచరి చేతులకు వేల యేండ్ల లాఘవమున్నది. కాని ఆ చేతులను పుస్తకమునకు దూరముగా నుంచితిమి. పుస్తకము పట్టినవారిని సుత్తెకు దూరముగా నుంచితిమి. ఒకరికి శాస్త్రము లేదు, మరియొకరికి స్పర్శ లేదు. చాప్మన్ పట్టము పుచ్చుకొన్నవాడే; కొట్టములో పాతబండిని తన చేతితో విప్పినవాడును అతడే. ఆ రెండును ఒక్క మనిషిలో కలిసినందున ఎలాన్ పుట్టినది. మన యిండ్లలో నేటికిని చదువుకొన్న కుమారుని చేతికి నల్లనూనె యంటినచో తల్లిదండ్రులు చిన్నతనముగా భావింతురు. కుమార్తె స్పానరు పట్టినచో నవ్వుదురు. యంత్రవిద్య చదివిన పిల్లవాడు బల్లయెదుట కూర్చుండు ఉద్యోగము దొరికినదాక యంత్రము ముఖము చూడడు. ఇట్టి యిండ్లలోనుండి బండి హృదయము నెరిగినవా డెట్లు రాగలడు?

నిరాశపడనక్కరలేదు. జహీరాబాదు కర్మాగారము మూతపడలేదు. మహీంద్రావారి చేతిలో అది తేలిక లారీలను కట్టినది. మూడుచక్రముల బండ్లను, ట్రాక్టర్లను కట్టుచున్నది. విద్యుత్తుతో నడచు మూడుచక్రముల బండ్లును అచ్చట తయారగుచున్నవి. మూడుచక్రముల బండిని చిన్నచూపు చూడరాదు. హిరోషిమావారి ప్రయాణ మచ్చటనే మొదలైనది. 2008లో ఎద్దుమైలారపు కర్మాగారపు ఆవరణలో తాత్కాలికముగా తరగతు లారంభించిన హైదరాబాదు ఐ.ఐ.టి. తర్వాత సంగారెడ్డి సమీపమున కందిలో స్థిరపడినది. శాస్త్రము, కర్మాగారము, కమ్మరికొలిమి, మూడును ఒకే రాజమార్గముపై గంట ప్రయాణములో నున్న చోటులు దేశమున అంత విరివిగా లేవు. ఆ మూడింటి నడుమ రాకపోకలు మాత్రము రాజమార్గమంత విశాలముగా లేవు.

విద్యుత్తు బండ్ల కాలమున లాఘవవిద్యకు విలువ హెచ్చినదే గాని తగ్గలేదు. బ్యాటరీ బరువైనది, బండి దేహము తేలికయైనచో చిన్న బ్యాటరీ చాలును, ఖరీదు తగ్గును, పేదవాడు కొనగలుగును. చాప్మన్ శ్రీమంతుల వినోదమునకై కనుగొన్న సూత్రము పటాన్‌చెరు ఆటో తోలువాని కడుపునకు అన్నముగా మారవచ్చును. కాని బ్యాటరీ కణములు, వాని నదుపుచేయు ఉపకరణములు నేడును అధికభాగము పరదేశములనుండి పెట్టెలలోనే వచ్చుచున్నవి. 1985 నాటి పాఠము మరల మన బల్లపై నున్నది.

కాబట్టి చేయవలసిన పని చిన్నదిగనే యారంభింపవచ్చును. ఈ మార్గము వెంబడిగల ప్రతి ఉన్నతపాఠశాలలో పాత ఇంజను నొకదానిని ఉంచి, బాలురును బాలికలును తమ చేతులతో విప్పి మరల బిగించునట్లు చేయవలెను. విప్పిన ప్రతి ముక్కను తూచి, దాని పనియేమో ప్రక్కన వ్రాయించవలెను. 1961 నాటి అప్రెంటిసుల శాసనము క్రింద కర్మాగారములలో చేరు యువకులను చౌకకూలీలుగా గాక విద్యార్థులుగా చూడవలెను. షెడ్డులోని మిస్త్రీని వారమున కొకనాడు బడికి పిలిచి, కుర్చీ వేసి, పాఠము చెప్పించుకొనవలెను. ఆయన పాఠము చెప్పుచుండగా లెక్కల ఉపాధ్యాయుడు ప్రక్కన నిలిచి ఆ మాటలను సూత్రములుగా నల్లబల్లపై వ్రాయవలెను. ఇందులకు కోట్ల రూపాయలు అక్కరలేదు. ఒక పాత ఇంజను, ఒక తక్కెడ, ఒక మిస్త్రీకి ఒక పూట కూలి చాలును.